డీజిల్ పికప్‌కి ఏ ఇంజన్ ఆయిల్ పోయించాలి?

[దృశ్యం: మెకానిక్ షెడ్డు. టమాటా ట్రేలు దించేసి వచ్చిన పికప్, బానెట్ ఎత్తి ఉంది.]

"అన్నా, లోడు బండి కదా, కాస్త చిక్కటి ఆయిల్ పోయ్." షెడ్డుల్లో రోజూ వినపడే మాటే. పాత ఇంజన్లకి ఈ లెక్క ఎంతో కొంత నడిచింది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లకి మాత్రం చిక్కదనం ఒక్కటే చూస్తే చాలదు. వాటిలో చాలావాటికి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. ఆయిల్ ఎంచుకునేటప్పుడు దాన్నీ దృష్టిలో పెట్టుకోవాలి.

[గ్రాఫిక్: డీపీఎఫ్ లోపలి సన్నటి గదులు, వాటిలో నల్లటి మసి.]

డీపీఎఫ్ పొగలోని మసిని పట్టేస్తుంది. ఫిల్టర్ మసితో నిండాక బండి వేడి పెంచి ఆ మసిని కాల్చేసుకుంటుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. అయితే పొయ్యిలో కట్టె కాలినా బూడిద మిగిలినట్టు, ఇక్కడా బూడిద మిగులుతుంది. అది ఎక్కువగా ఇంజన్ ఆయిల్ నుంచే వస్తుంది. ఆయిల్‌లో కాల్షియం, మెగ్నీషియం, జింక్ ఉన్న రసాయనాలు కలుపుతారు. నడుస్తున్న ఇంజన్‌లో ఆయిల్ కొద్దికొద్దిగా కాలుతూనే ఉంటుంది కాబట్టి, వాటి బూడిద వెళ్లి ఫిల్టర్‌లో పేరుకుంటుంది. రీజనరేషన్ ఎన్నిసార్లు జరిగినా అది పోదు. బండి లాగడం తగ్గుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఫిల్టర్ మార్చాల్సి వస్తే, చవక ఆయిల్ మీద మిగుల్చుకున్న డబ్బు ఏ మూలకీ రాదు.

[క్లోజప్: ఆయిల్ డబ్బా వెనక వైపు, సన్న అక్షరాలు.]

డబ్బా ముందున్న బొమ్మలు వదిలేసి వెనక్కి తిప్పండి. ఏపీఐ అంటే ఆయిల్ నాణ్యతకి అమెరికా ప్రమాణం; దాని పక్కన 'సీ'తో మొదలయ్యే కోడ్ ఉంటే అది డీజిల్‌కి. సీకే-4 ఆయిల్‌లో సల్ఫేటెడ్ యాష్, అంటే బూడిద మిగిల్చే భాగం, 1 శాతం దాటకూడదు. యూరప్ ప్రమాణం ఏసీఈఏ సీ3లో అయితే 0.8 శాతమే. సీహెచ్-4, సీఐ-4 డీపీఎఫ్ లేని పాత బండ్ల కోసం వచ్చినవి, బీఎస్6 బండిలో పోయొద్దు. మీ మాన్యువల్‌లో ఏ కోడ్ ఉంటే అదే కొనండి. షాపులో దొరకలేదని దగ్గరగా ఉన్నదేదో తెచ్చుకోవద్దు.

ఇక గ్రేడ్. 15డబ్ల్యూ-40లో మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది, రెండోది 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. మాన్యువల్ 5డబ్ల్యూ-30 అంటే, పల్చగా ఉందని భయపడి 20డబ్ల్యూ-50 పోయించకండి. లోడూ ఎండా లెక్కలోకి తీసుకున్నాకే కంపెనీ ఆ గ్రేడ్ చెప్పింది.

[క్లోజప్: గేజ్ బయటికి తీసి గుడ్డతో తుడుస్తున్న చేయి.]

మార్చిన కొద్ది రోజులకే ఆయిల్ నల్లబడిందని టెన్షన్ పడొద్దు. డీజిల్ ఇంజన్‌లో మసిని తనలో కలుపుకుని తిప్పడం ఆయిల్ పనే. చూడాల్సింది మట్టం. ఊళ్లోనే చిన్న చిన్న ట్రిప్పులు తిరిగే బండికి రీజనరేషన్ మధ్యలోనే ఆగిపోతూ ఉంటుంది. ఆ వేడి కోసం ఇంజన్ అదనంగా చిమ్మిన డీజిల్ కొంత కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. గేజ్ మీద మట్టం పై గీత దాటిందా, ఆయిల్ పల్చబడినట్టే. ఇంకో లోడు ఎత్తకముందే ఆయిల్ మార్పించండి.