పుస్తకానికి పేరు రాసేదెవరు?

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ వారోత్సవాలకు వచ్చిన పాఠకులందరికీ నమస్కారం.

డిజిటల్ వారసత్వం, సాంస్కృతిక విధానం అన్న విషయం మీద మాట్లాడమన్నారు. పెద్ద గ్రంథాలయాల పుస్తకాలను స్కాన్ చేస్తామని 2004 డిసెంబరులో గూగుల్ ప్రకటించాక, ఫ్రాన్సు అధ్యక్షుడు జాక్ షిరాక్ సహా ఆరు ఐరోపా దేశాల నాయకులు, ఐరోపాకు సొంత డిజిటల్ గ్రంథాలయం ఉండాలని కోరుతూ 2005 ఏప్రిల్‌లో ఐరోపా సమాఖ్యకు లేఖ రాశారు. ఆ కదలికలోంచి పుట్టిన యూరోపియానా అనే ఉమ్మడి డిజిటల్ గ్రంథాలయం 2008 నవంబరు 20న మొదలై, తొలిరోజే సందర్శకుల తాకిడికి ఆగిపోయింది. జనం అంతగా ఎదురుచూశారన్నమాట.

మన దేశంలోనూ 2003లో జాతీయ రాతప్రతుల మిషన్ ఏర్పడింది, లక్షల పుటలు స్కాన్ అయ్యాయి. అయితే నా బాధ వేరు.

మా మేనమామగారు యౌవనంలో కీర్తనల పుస్తకం ఒకటి అచ్చువేయించారు. ఇంట్లో ప్రతి చెదలుపాలైంది. ఒక డిజిటల్ గ్రంథాలయంలో దానికోసం మూడు నెలలు వెతికాను. పుస్తకం అక్కడే ఉంది! ముఖపత్రం చిరిగిపోయినందువల్ల మొదటి కీర్తన పల్లవిని పుస్తకం పేరుగా, ముద్రణాలయం పేరును రచయిత పేరుగా, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. ఆ అక్షరాల్లో కల, కళ, కాల మూడూ ఒకటే అయిపోతాయి. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో 1991 నాటికే చేరిన మన లిపిలో పేరు రాయడానికి అడ్డేమిటి?

ముప్పై ఏళ్లు నేను కేటలాగు కార్డులు రాశాను. అడుగున రంధ్రమున్న ఆ అట్టముక్క మీద పేరు, కర్త, ముద్రణ సంవత్సరం రాయడానికి ఒక్కొక్కప్పుడు పుస్తకం సగం చదవవలసి వచ్చేది. ఆ చదివే మనిషికి జీతమివ్వని పథకం ఎన్ని కోట్ల పుటలు స్కాన్ చేసినా దాన్ని సాంస్కృతిక విధానమని నేను ఒప్పుకోను. తెలుగులో వెతికితే దొరకని పుస్తకం తెలుగు పిల్లవాడికి లేనట్టే. పేరు లేనట్టే, ఊరు లేనట్టే.

ఇంకా చెప్పవలసినవి రాసుకొచ్చాను, వాటిని పక్కన పెడుతున్నాను. హాలు బయట బల్లమీద ముఖపత్రాలు ఊడిన పాత పుస్తకాలున్నాయి, పక్కనే తెల్లకార్డులు పెట్టించాను. వెళ్లేముందు తలా ఒకటి తీసుకుని, చదివి, దాని పేరు తెలుగులో రాసివ్వండి. చీకటి పడేదాకా నేను అక్కడే కూర్చుంటాను.