పొలం గట్లు, చెరువులు, తోపులు: తీరికైన నడకలపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. పొలాల వెంట, చెరువు కట్టల మీద, చిన్న చిన్న తోపుల్లో తీరిగ్గా నడిచి రావడం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఇలాంటి నడకలకు చాలా ఏళ్లుగా మనుషుల్ని వెంటబెట్టుకుని తీసుకెళ్తున్న మాస్టారు స్టూడియోలో ఉన్నారు. నమస్కారం మాస్టారూ.

మాస్టారు: నమస్కారమండీ. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట. కొండ ఎక్కేవాడు భయం కొద్దీ అన్నీ చూసుకునే బయల్దేరతాడు. చదునుగా ఉన్న చోట నడిచేవాడే ఏదీ చూసుకోడు. నీళ్లు ఉండవు, ఎన్నింటికి తిరిగి రావాలో లెక్క ఉండదు. అందుకే ఎప్పుడూ రెండే చెప్తాను. మీకున్న టైంలో సగం కాగానే వెనక్కి తిరగండి. చెరువు అంచును నమ్మకండి.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ తీసుకుందాం. హలో, చెప్పండి.

శ్రోత: నమస్తే సార్. ఇలాంటి నడకకు ట్రెక్కింగ్ బూట్లు కొనాలా? మామూలు స్పోర్ట్స్ షూస్ చాలవా?

మాస్టారు: నేల ఎండి ఉంటే స్పోర్ట్స్ షూస్ చాలమ్మా. అడుగున గాడులు అరిగిపోకుండా ఉండాలి, అంతే. కొత్త జత అయితే ముందు ఇంట్లో, వీధిలో వేసుకుని తిరగండి. సాక్సే ముఖ్యం. కాటన్‌వి చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతాయి, తడి చర్మం తొందరగా ఒరుసుకుపోతుంది. మడమ దగ్గర చురుక్కుమన్న వెంటనే ఆగి, టేపు అంటించుకోవాలి. తర్వాత చూద్దాంలే అనుకుంటే బొబ్బ లేస్తుంది, ఇక నడక సాగదు.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. తర్వాతి ఫోన్. హలో?

శ్రోత: హలో... హలో, వినపడుతోందా అండీ?

వ్యాఖ్యాత: వినపడుతోంది, చెప్పండి. టీవీ సౌండ్ కాస్త తగ్గించండి.

శ్రోత: తగ్గించానండీ. మాస్టారూ, నమస్కారం. నేను రిటైర్ అయ్యాను. ఇప్పుడు ఈ నడకల మీద పడ్డాను. ఇంట్లో అందరం కలిసి వెళ్దామని ఉంది. మా ఆవిడ, మా తమ్ముడు, వాళ్లావిడ, మా అత్తగారు, ఆరేళ్ల మనవడు. అత్తగారు పెద్దావిడే గానీ బాగానే నడుస్తారు. పోయినసారి ఏమైందంటే, మా తమ్ముడు ఫోన్లో చూసి ఆరు కిలోమీటర్లే, గంటంబావులో వచ్చేస్తాం అన్నాడు. సాయంత్రం బయల్దేరాం. మధ్యలో ఒక కుంట వచ్చింది. అక్కడ లకుముకి పిట్ట ఉందండీ, నీళ్లలోకి దూకి చేపని పట్టుకుని మళ్లీ అదే కొమ్మ మీద వాలింది. మనవడు కదల్లేదు. మేమూ కదల్లేదు. చీకటి పడిపోయింది. ఫోన్ టార్చ్ వేసుకుని నడిచాం, అది కాస్తా దారిలో ఆగిపోయింది...

మాస్టారు: ఆగండాగండి. మీ ప్రశ్న ఏమిటో చెప్పండి.

శ్రోత: అదేనండీ, ఆరు కిలోమీటర్లకు ఎంత టైం పెట్టుకోవాలి?

మాస్టారు: మంచి ప్రశ్న. 1892లో విలియం నెయిస్మిత్ అని స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. చదునులో గంటకు ఐదు కిలోమీటర్లు, ఆరు వందల మీటర్ల ఎత్తు ఎక్కితే దానికి ఇంకో గంట. ఇప్పటికీ నడిచేవాళ్లు దాన్నే వాడతారు. కానీ అది కొండలెక్కే దిట్టమైనవాళ్ల నడక, ఆగకుండా వెళ్తే వచ్చే లెక్క. ఆరేళ్ల పిల్లాడు, పెద్దావిడ ఉన్న మీ గుంపుకు గంటకు రెండున్నర కిలోమీటర్లు వేసుకోండి. అంటే ఆరు కిలోమీటర్లకు రెండు గంటల ఇరవై నిమిషాల పైనే. పిట్టల కోసం, నీళ్ల కోసం, కూర్చోవడానికి ఇంకో గంట కలపండి.

శ్రోత: అమ్మో, మూడున్నర గంటలా!

మాస్టారు: అంతే మరి. ఆగడం కోసమే కదా వెళ్లేది. పిట్ట దగ్గర మనవడు నిలబడిపోయాడంటే నాకు భలే సంతోషంగా ఉంది, వాణ్ని ఎప్పుడూ తొందరపెట్టకండి. పెద్దవాళ్లు చేయాల్సింది దూరం తగ్గించడం. మూడు కిలోమీటర్లే పెట్టుకోండి.

శ్రోత: సరేనండీ. మరి ఫోన్లో చూపించే టైం నమ్మవచ్చా? మా తమ్ముడు అదే చెప్తాడు, ఫోన్లో ఉంది కదా అని...

మాస్టారు: ఇప్పుడే చెప్పాను కదండీ. ఫోన్ చూపించేది ఒక్క మనిషి చదును దారిలో ఆగకుండా నడిస్తే పట్టే టైం. గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడవాలి. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ల వేగమే మీ వేగం. అలా నడిచేవాళ్లని ముందు నడవమనండి, మిగతావాళ్లు వెనక ఉండండి. వెనకబడ్డవాళ్లకు ఊపిరి తీసుకునే వీలే ఉండదు. వాళ్లు చేరుకునేసరికి ముందున్నవాళ్లు మళ్లీ బయల్దేరతారు.

శ్రోత: అది నిజమండీ, మా ఆవిడ ఎప్పుడూ అదే గోల. మరి చీకటి పడుతుందని ముందే ఎలా తెలుస్తుంది?

మాస్టారు: చెయ్యి చాచి, అరచేయి అడ్డంగా పెట్టి, సూర్యుడికీ నేల అంచుకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. సూటిగా సూర్యుణ్ని చూడకూడదు సుమండీ. వేలికి సుమారు పావుగంట, నాలుగు వేళ్లు పడితే గంట ఉన్నట్టు. చెట్ల నీడలో ఇంకా ముందే మసక కమ్ముతుంది. అందుకే చెప్పేది, టైంలో సగం కాగానే వెనక్కి తిరగండి. ఎక్కడున్నా సరే. చెరువు ఇంకో రెండు వందల మీటర్లే అన్నా సరే.

శ్రోత: అలాగేనండీ. ఒక టార్చ్ కూడా పెట్టుకుంటాం. ఇంతకీ మొత్తం ఎంతసేపు అన్నారు, ఆరు కిలోమీటర్లకి?

మాస్టారు: మూడున్నర గంటలండీ. మీకు మాత్రం మూడు కిలోమీటర్లే. రాసుకోండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. తర్వాతి ఫోన్.

శ్రోత: సార్, పాము కరిస్తే పైన గుడ్డతో గట్టిగా కట్టాలి కదా?

మాస్టారు: కట్టకూడదు బాబూ. కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పాముని పట్టుకోబోకూడదు. ఉంగరాలు, పట్టీలు వెంటనే తీసేయండి, వాపు వస్తే తర్వాత రావు. విరిగిన ఎముకను కదలకుండా ఉంచినట్టు కాలుని ఉంచి, పాము విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ మనిషిని నడిపించకండి. అసలు గడ్డిలో కనపడని చోట కాలు పెట్టకపోతే, అడుగు గట్టిగా వేస్తే చాలావరకు పామే తప్పుకుంటుంది.

శ్రోత: మరి ఇంకొకటి సార్, ఆ విష...

వ్యాఖ్యాత: లైన్ కట్ అయినట్టుంది. ఇంకో ఫోన్ తీసుకుందాం. హలో అమ్మా.

శ్రోత: నమస్కారమండీ. పిల్లల్ని చెరువు దగ్గరికి తీసుకెళ్లాలంటే నాకు ఒకటే టెన్షన్. మా వారేమో మోకాలి లోతు నీళ్లే కదా అంటారు. తీసుకెళ్లవచ్చా, వద్దా?

మాస్టారు: తీసుకెళ్లండమ్మా. చెరువు చూడకుండా పిల్లలు పెరగకూడదు. తూనీగలు, నీటికోళ్లు, కదలకుండా ఒంటికాలి మీద నిలబడే కొంగ, ఇవన్నీ గట్టు మీద కూర్చుంటేనే కనపడతాయి, నీళ్లలో దిగక్కర్లేదు. పొద్దున్నే వెళ్లండి, పిట్టలు అప్పుడే ఎక్కువ తిరుగుతాయి. కానీ మోకాలి లోతే అన్న మాట నేను ఒప్పుకోను. చెరువు అంచును నమ్మకూడదు. మట్టి తీసిన గుంటలు లోపల ఎక్కడ ఉంటాయో పైకి తెలియదు. ఒక్క అడుగు తేడాలో మనిషి లోతు రావచ్చు. జమ్ము గడ్డి పెరిగిన చోట నేలలాగే కనపడుతుంది, కింద అంతా బురద. ఇంకో సంగతి, మునిగేవాళ్లు అరుస్తారని అనుకుంటాం. చాలాసార్లు అరవరు. నోరు నీళ్లకు పైకి వచ్చినప్పుడు ఊపిరి పీల్చుకోవడానికే సరిపోతుంది. చిన్నపిల్లలు మీ చేతికి అందేంత దూరంలో ఉండాలి. ఫోన్ చూస్తూ కాపలా కాయడం కాపలా కాదమ్మా.

శ్రోత: ఒకవేళ ఎవరైనా పడితే?

మాస్టారు: మీరు దూకకండి. గట్టు మీద బోర్లా పడుకుని కర్ర గానీ, తువ్వాలు గానీ, చీర కొంగు గానీ అందించండి. అందకపోతే తేలే వస్తువు ఏదైనా విసరండి, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా అయినా పనికొస్తుంది. పక్కనున్నవాళ్లు సహాయానికి ఫోన్ చేయాలి. 112 చాలా దేశాల్లో పనిచేస్తుంది. మీ నెట్‌వర్క్ లేకపోయినా వేరే నెట్‌వర్క్ సిగ్నల్ ఉంటే చాలాచోట్ల ఆ కాల్ వెళ్తుంది. బురదలో కాలు దిగబడితే ఒక్కసారిగా లాగకండి. వెనక్కి కూర్చున్నట్టు వాలి, బరువు పరచి, కాలుని మెల్లగా అటూ ఇటూ కదిపితే వదులవుతుంది.

శ్రోత: మా వారు పక్కనే ఉండి వింటున్నారండీ.

మాస్టారు: వినాలి, మంచిదే. అయ్యా, మోకాలి లోతు అని చూడకుండా చెప్పకండి.

వ్యాఖ్యాత: ఇంకొకరు లైన్లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: మా కుక్కని తీసుకెళ్తాను సార్. పశువులు మేసే చోట ఇబ్బంది ఉంటుందా?

మాస్టారు: ఉంటుంది. దూడ ఉన్న ఆవు కుక్కని శత్రువుగానే చూస్తుంది. ఆవుకీ దూడకీ మధ్య నుంచి వెళ్లకండి, దూరంగా చుట్టూ తిరిగి వెళ్లండి. కుక్క పట్టెడ తాడు చేతిలోనే ఉండాలి. కానీ ఆవు మీదకి దూసుకొస్తే తాడు వదిలేయండి. కుక్క మీకంటే వేగంగా తప్పించుకుంటుంది, ఆవు దాని వెంటే పడుతుంది. చెరువు మీద పచ్చ రంగు పోసినట్టు మందంగా నాచు కనపడితే ఆ నీళ్లు తాగనివ్వకండి. అది విషం కావచ్చు, కుక్కలు చచ్చిపోతాయి. ఇంటికొచ్చాక ఒళ్లంతా తడిమి పిడుదులు ఉన్నాయేమో చూడండి, మీ కాళ్లు కూడా.

శ్రోత: పిడుదు ఉంటే కాల్చేయమంటారు...

మాస్టారు: వద్దు వద్దు. సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి. తర్వాత సబ్బుతో కడగండి. కొన్ని వారాల లోపు జ్వరం గానీ, ఎర్రటి మచ్చ గానీ వస్తే డాక్టర్‌కి పిడుదు సంగతి చెప్పండి.

వ్యాఖ్యాత: థాంక్యూ. హలో, త్వరగా అడగండి.

శ్రోత: పొలాల్లోంచి నడిస్తే రైతులు ఏమీ అనరా? అలాగే రోజుకి పది వేల అడుగులు ఈ నడకతో వస్తాయా?

మాస్టారు: స్వీడన్, స్కాట్లాండ్ లాంటి చోట్ల బాధ్యతగా నడిచేవాళ్లకు చట్టమే కొంత హక్కు ఇచ్చింది. అక్కడ కూడా పంటలో నడిచి పాడుచేయకూడదు. మిగతా చోట్ల అడిగి వెళ్లడమే. గట్టు మీదే నడవండి, కొత్తగా మట్టి వేసిన గట్టు అయితే అదీ వద్దు, మీ బరువుకి తెగి నీళ్లు పోతాయి. గేటు మూసి ఉంటే మూయండి, తెరిచి ఉంటే అలాగే వదిలేయండి. మందు కొట్టిన వాసన వస్తే ఆ పొలం వైపే పోకండి. పది వేలు అంటారా, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్మకానికి వచ్చింది, దాని ప్రచారంతోనే ఆ అంకె పాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది అడుగుల్లో కాదు, వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం. కాస్త చురుగ్గా నడిస్తే మీ నడక అందులోకి వస్తుంది. అడుగులు చూసుకుంటూ చెరువు చూడకుండా వచ్చేస్తే ఏం లాభమండీ?

వ్యాఖ్యాత: సమయం దగ్గర పడింది. చివరి ఫోన్.

శ్రోత: పొలం మధ్యలో ఉండగా ఉరుము వినపడితే చెట్టు కిందకి వెళ్లాలా సార్?

మాస్టారు: ఒంటరి చెట్టు కిందకి అస్సలు వద్దు. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. ముప్పై సెకన్లంటే పది కిలోమీటర్లు, అది కూడా దగ్గరే. గట్టు మీద, చెరువు దగ్గర ఉండకండి. పక్కా ఇల్లు గానీ, పైకప్పు ఉన్న కారు గానీ చేరుకోండి. చివరి ఉరుము విన్నాక అరగంట బయటికి రాకండి. అందుకే...

వ్యాఖ్యాత: టైంలో సగం కాగానే వెనక్కి. ధన్యవాదాలు మాస్టారూ. లైన్లో ఉన్నవాళ్లు మన్నించాలి. నమస్కారం.