ఒకే సైకిల్, రెండు జతల చక్రాలు

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు, ముందు వరుసలో ఉన్న తమ్ముళ్లు ఇద్దరు ఇటు రండి. ఈ సైకిల్ వెనక చక్రం పైకెత్తి పెడల్ ముందుకు తిప్పండి. ఇప్పుడు వెనక్కి తిప్పండి. మామూలు సైకిల్ అయితే కటకటమని చప్పుడొస్తుంది, చక్రం కదలదు. దీనికి చక్రం కూడా వెనక్కి తిరిగింది, చూశారా? ఇది ట్రాక్ సైకిల్. ఫ్రీవీలు లేదు. చక్రం తిరిగినంతసేపు పెడల్ తిరుగుతుంది, పెడల్ తిరిగినంతసేపు మన కాళ్లు తిరగాల్సిందే. గేరు ఒక్కటే. రేసుకు దిగితే బ్రేకు కూడా ఉండదు. ట్రాక్ అంటే సైకిల్ రేసుల కోసమే గుండ్రంగా కట్టిన బాట, దాని మీద అందరూ చక్రానికి చక్రం ఆనించినట్టు పోతుంటారు. అక్కడ ఒక్కడు బ్రేకు నొక్కితే వెనకున్న నలుగురూ పడిపోతారు. అందుకే ట్రాక్ రేసుల్లో బ్రేకులు వద్దన్నారు.

పొద్దున వస్తుంటే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, నాకు ట్రాక్ రేసు చేయాలని ఉంది. రోజూ కాలేజీకి గూడ అదే సైకిల్ మీద పోవాలె. రెండు కొనే పైసల్లేవు. ఏం జేయాలె?" ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ తమ్ముడికి జవాబే. నాదీ అదే పరిస్థితి. పదకొండేళ్లుగా కాజీపేట నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్ దాకా ఈ సైకిల్ మీదే డ్యూటీకి పోతున్నా. వీలు దొరికినప్పుడు దీన్నే రైల్లో వేసుకుని హైదరాబాద్ పోయి ట్రాక్ మీద తిప్పి వస్తా. ఒక్క సైకిల్‌తో రెండు పనులూ అవుతాయి. కాకపోతే కొనేటప్పుడే రెండు పనులనూ మనసులో పెట్టుకుని కొనాలి.

ముందు ఫ్రేమ్. దుకాణంలో రంగు చూడకండి, బరువు చూడకండి. వంగి ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల కడ్డీ, దాని పైభాగం చూడండి, బ్రేకు బిగించే రంధ్రం ఉందా లేదా అని. ట్రాక్ కోసమే చేసిన ఫోర్కులు చాలావాటికి ఆ రంధ్రం ఉండదు. అది లేని ఫ్రేమ్ ఎంత తక్కువకు వచ్చినా మన ఊళ్లో నడపడానికి తీసుకోకండి. ఈ విషయంలో నేను మెత్తబడను. కాళ్లతో వెనక్కి నొక్కి ఆపొచ్చు అంటారు, నిజమే, ఆపొచ్చు. కానీ నక్కలగుట్ట దగ్గర ఆటో హఠాత్తుగా ఆగితే, మార్కెట్ గేటు ముందు మిర్చి బస్తాల లారీ అడ్డం తిరిగితే, మన కాళ్లకు అంత టైం దొరకదు. ముందు చక్రానికి ఒక మంచి బ్రేకు ఉండాలి. రేసు రోజున దాన్ని విప్పడం పది నిమిషాల పని.

ఆ తర్వాత టైరుకూ ఫోర్కుకూ మధ్య సందు. ట్రాక్‌కు 23 ఎంఎం టైరు చాలు. మన రోడ్లకు 28 ఉండాలి, తుమ్మ ముల్లుకైనా గుంతకైనా కాస్త తట్టుకుంటుంది. 25 దాటితే రాసుకునే ఫ్రేములు చాలా ఉన్నాయి, కాబట్టి టైరు పెట్టించి చూశాకే డబ్బులివ్వండి. స్టీలా, అల్యూమినియమా అంటే, రోజూ తొక్కేవాళ్లకు నేను స్టీలే చెబుతా. గుంతల అదురు తక్కువ తెలుస్తుంది, దెబ్బ తగిలినా వెల్డింగ్‌కు పనికొస్తుంది. ఇంకో కొలత కూడా గుర్తుపెట్టుకోండి: ట్రాక్ సైకిల్ వెనక హబ్, అంటే చక్రం నడుమ ఇరుసు ఉండే డబ్బా, దాని వెడల్పు సాధారణంగా 120 ఎంఎం. రోడ్ సైకిల్ చక్రం తెచ్చి ఇందులో దూర్చాలని చూడకండి. క్రాంక్, అంటే పెడల్ బిగించే కడ్డీ, 165 ఎంఎం తీసుకోండి. మలుపులో కూడా కాలు తిరుగుతూనే ఉంటుంది కదా, క్రాంక్ పొడవైతే పెడల్ నేలకు తగులుతుంది.

ఇక అసలు సంగతి, గేరు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఉన్నది ఒక్క గేరే కాబట్టి అది ఎక్కాలి, దిగాలి, ఆగాలి, ఉరకాలి. రేసు వీడియో చూసి ముందు 49 పళ్లు, వెనక 14 పళ్లు పెట్టించుకుంటారు. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ ఏడు మీటర్ల పైన పోతుంది. వినడానికి బాగుంటుంది. చౌరస్తాలో సిగ్నల్ పడ్డాక కదలాలంటే మోకాలు గుంజుతుంది, వేగంలో ఉండగా ఆపాలంటే అంతకంటే కష్టం. పిల్లలు మోకాళ్ల నొప్పితో సైక్లింగే మానేయడం నేను చూశాను.

నా లెక్క ఇది. ముందు పళ్ల చక్రం 46, మార్చే పని లేదు. రోజూ తిరిగే వెనక చక్రానికి 17 పళ్లు. ఒక చుట్టుకు దాదాపు 5.7 మీటర్లు. నిమిషానికి 80 చుట్లు తిప్పితే గంటకు 27 కిలోమీటర్లు, మన ఊరికి చాలు. మోకాళ్లు నాజూకైతే 18 పెట్టుకోండి. ట్రాక్ కోసం ఇంకో జత చక్రాలు, వెనకదానికి 15 పళ్లు, రెండింటికీ సన్న టైర్లు. ఒక చుట్టుకు దాదాపు 6.4 మీటర్లు. నిమిషానికి 110 చుట్లు తిప్పగలిగితే గంటకు 42 పైనే వస్తుంది. అది అలవాటయ్యాక 14కు పోవచ్చు. రెండు పళ్ల తేడాకు ఫ్రేమ్ వెనక గాడిలో ఇరుసు జరిగేది ఆరు ఎంఎం మాత్రమే, అందుకే ఒకే చైను రెండు వెనక చక్రాలకూ సరిపోతుంది. రెండో సైకిల్ కొనలేనివాళ్లు ఇంకో జత చక్రాలైతే కొనగలరు. డబ్బు పెట్టాల్సింది అక్కడే.

46, 17 అని ఎందుకు పట్టుబడుతున్నానంటే ఇంకో కారణం ఉంది. కాళ్లు బిగబట్టి వెనక చక్రాన్ని జార్చి ఆపుతారు కదా, కాళ్లు ఆగేది ఎప్పుడూ ఒకే చోట. 45కు 15 అయితే సరిగ్గా మూడు చుట్లు, అంటే ప్రతిసారీ టైరులో ఒకే చోటు నేలకు రాసుకుంటుంది. కొత్త టైరు నెల తిరక్కుండానే అక్కడ చిల్లు పడుతుంది. 46కు 17 అయితే ఆ అరుగుదల పదిహేడు చోట్ల పడుతుంది.

ఇప్పుడు నాకు జరిగింది చెబుతా. కొన్న కొత్తలో వెనక పళ్ల చక్రం ఒక దుకాణంలో బిగించారు. మామూలు సైకిళ్లు బాగా చేసే మనిషే, కానీ హబ్‌కు రెండు మరలు ఉంటాయని ఆయనకు తెలియదు. లోపలి మర మీద పళ్ల చక్రం కుడివైపుకు బిగుస్తుంది. దాని మీద సన్నటి రింగు ఒకటి వస్తుంది, లాక్‌రింగ్ అంటాం. దాని మర ఎడమవైపు, అంటే ఉల్టా తిప్పితేనే బిగుస్తుంది. ఆ రింగును ఆయన చేత్తో పెట్టి వదిలేశాడు. కాజీపేట రైల్వే బ్రిడ్జి ఎక్కి ఫాతిమానగర్ వైపు దిగుతున్నా. వేగం తగ్గిద్దామని కాలితో వెనక్కి నొక్కితే ఠక్కుమంది, పెడల్ వదులై ఊరికే తిరిగింది. పళ్ల చక్రం మర ఊడి వచ్చేసింది. ముందు బ్రేకు ఉంది కాబట్టి ఆగాను. అది లేకపోతే కింద ఉన్న బస్సు వెనకకు పోయి కొట్టుకునేవాణ్ని. ఇందాక బ్రేకు గురించి అంత గట్టిగా మాట్లాడింది ఊరికే కాదు.

కాబట్టి బిగింపు మీరే నేర్చుకోండి. పళ్ల చక్రం గట్టిగా బిగించి, చిన్న ఎత్తు ఒకటి లేచి నిలబడి తొక్కండి, ఇంకాస్త బిగుస్తుంది. తిరిగొచ్చేటప్పుడు కాలితో ఆపకుండా బ్రేకుతోనే ఆపండి. అప్పుడు లాక్‌రింగ్ ఉల్టా తిప్పి గట్టిగా బిగించండి. ఇక చైను. వెనక చక్రాన్ని గాడిలో వెనక్కి లాగి, ఒక నట్టు కొంచెం, ఇంకో నట్టు కొంచెం బిగిస్తూ చక్రం నడుమకు వచ్చిందో లేదో చూసుకోండి. చైను మధ్యలో వేలితో నొక్కితే పైకీ కిందికీ సెంటీమీటరు ఆడాలి. ముందు పళ్ల చక్రం ఏదీ నూటికి నూరు పాళ్లు గుండ్రంగా ఉండదు. అందుకే క్రాంక్ నెమ్మదిగా తిప్పి, ఎక్కడ ఎక్కువ బిగుసుకుంటుందో అక్కడ కొలవండి. వేరే చోట కొలిస్తే ఆ బిగువు దగ్గర హబ్ బేరింగులు పోతాయి. మరీ వదులైతే చైను ఊడి చక్రం పట్టేస్తుంది.

చైను తుడిచేటప్పుడు చక్రం ఆపి తుడవండి. తిరుగుతున్న చైనుకు గుడ్డ ఆనించారంటే, గుడ్డతో పాటు వేలు పళ్ల మధ్యకు పోతుంది. ఫ్రీవీలు లేదు కాబట్టి అది ఆగదు. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఈ సైకిల్ తలకిందులుగా పెట్టి వదిలేయకండి.

హ్యాండిల్, సీటు గురించి పెద్దగా చెప్పేది లేదు. డ్రాప్ హ్యాండిల్, అంటే కిందికి వంగినది, ఒక్కటే ఉంచుకుని, పైన అడ్డంగా ఉన్న చోట చిన్న బ్రేకు లివర్ పెట్టించుకోండి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెడితే కాలు నిటారుగా రావాలి, అదే ఎత్తు. పెడల్‌కు పట్టీ తప్పనిసరి. వేగంలో కాలు జారితే పెడల్ వచ్చి పిక్కకు కొడుతుంది. ఊళ్లో పట్టీ వదులుగా, ట్రాక్ మీద బిగువుగా పెట్టుకోండి.

ట్రాక్ ఎక్కడుంది అని అడుగుతారు. మనకు దగ్గర్లో ఉన్నది హైదరాబాద్‌లో, ఉస్మానియా యూనివర్సిటీలో 2002 జాతీయ క్రీడలప్పుడు కట్టిన వెలోడ్రోమ్. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడలకు కట్టిన చెక్క ట్రాక్ ఉంది, 250 మీటర్లది. అండమాన్ నుంచి వచ్చిన ఎసో ఆల్బెన్ అనే పిల్లవాడు 2018లో ప్రపంచ జూనియర్ పోటీల్లో కీరిన్ అనే ట్రాక్ రేసులో వెండి పతకం తెచ్చాడు. నాలుగేళ్ల తర్వాత ఆ ఢిల్లీ ట్రాక్ మీదే మణిపూర్ కుర్రాడు రొనాల్డో సింగ్ ఆసియా పోటీల్లో స్ప్రింట్‌లో వెండి గెలిచాడు. కాజీపేటలో పొద్దున రైలెక్కితే రెండు గంటల్లో సికింద్రాబాద్. మనవాళ్లకు ట్రాక్ అంత దూరమేం కాదు.

ఇక మాటలు చాలు. వెనక చక్రం విప్పి, 17 తీసి 15 చక్రం వేద్దాం. 15 నంబరు పానా ఎవరి దగ్గరుంది? ఆ పొద్దున అడిగిన తమ్ముడే ముందుకు రావాలి, లాక్‌రింగ్ నీతోనే బిగింపిస్తా. ఏ వైపుకు తిప్పాలో గుర్తుందా?