థ్రిల్లర్‌లో ఆ ముందు పేజీ

శ్రోతలకు నమస్కారం. మతం చుట్టూ అల్లిన థ్రిల్లర్ వస్తే చాలు, చదవకుండానే రెండు జట్లు తయారైపోతాయి. ఒకళ్లు ఆపేయమంటారు, ఇంకొకళ్లు అదంతా చరిత్రేనంటారు. 2003లో డాన్ బ్రౌన్ రాసిన ‘ది డావిన్సీ కోడ్’కి జరిగిందదే. 2006లో దాని సినిమాను అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆపింది, హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆ తగువు అలా ఉంచుదాం.

అసలు చిక్కు కథలో లేదండీ, కథకు ముందున్న పేజీలో ఉంది. పైన ‘వాస్తవం’ అని పెట్టి, ఈ నవలలో కళాఖండాల, కట్టడాల, పత్రాల, రహస్య ఆచారాల వర్ణనలన్నీ ఖచ్చితమైనవని రాశారు. నవలలో కల్పన తప్పేం కాదు, కల్పన కోసమే కదా కొనుక్కుంటాం. వాస్తవమని ముద్ర కొట్టాక మాత్రం కొలిచి చూడాల్సిందే.

ఒక్కటి కొలుద్దాం. పారిస్‌లో సెయింట్ సల్పీస్ చర్చి నేల మీద దక్షిణం నుంచి ఉత్తరానికి ఓ ఇత్తడి గీత ఉంది. నవలేమో, అది అక్కడ చర్చి కట్టకముందు ఉన్న అన్యమత గుడి ఆనవాలంటుంది.

అరసవల్లి తెలిసినవాళ్లకి ఈ గీత సులువుగానే అర్థమవుతుంది. మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబరు 1, 2 తేదీల్లోనూ పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. ఆ రెండుసార్లూ సూర్యుడు ఇంచుమించు ఒకే దిక్కున ఉదయిస్తాడు మరి. పారిస్‌లో పొద్దున్న కాదు, మిట్టమధ్యాహ్నం. దక్షిణపు కిటికీలో చిన్న రంధ్రం ఉంది. అందులోంచి పడ్డ వెలుగు బిళ్ల సరిగ్గా మధ్యాహ్నం ఆ గీతను దాటుతుంది. వేసవిలో సూర్యుడు బాగా పైన ఉంటాడు, బిళ్ల కిటికీకి దగ్గరగా పడుతుంది. చలికాలం వచ్చేసరికి ఉత్తరానికి సాగుతుంది. సాగి సాగి గోడ దగ్గరికొచ్చేస్తుంది, ఇక నేల చాలదు. అందుకే అక్కడ రాతి స్తంభం నిలబెట్టి, గీతను దాని మీదకి ఎక్కించారు.

ఎవరికోసం ఇదంతా? ఈస్టర్ కోసం. వసంత విషువత్తు, అంటే మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, దాని తర్వాతి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారం ఈస్టర్. గీత మీద బిళ్ల ఎక్కడ పడిందో చూస్తే విషువత్తు తేలుతుంది, అది తేలితే తప్ప పండగ తేలదు. 1727లో ఆ చర్చి గురువే మొదలుపెట్టించాడు, 1743లో ల మొన్నియే అనే ఖగోళ శాస్త్రవేత్త పూర్తిచేశాడు. కిటికీల్లోని పి, ఎస్ అక్షరాలు నవలలోని ‘ప్రయరీ ఆఫ్ సయన్’ అనే రహస్య సంఘానివి కావు, పీటర్, సల్పీస్ అనే పునీతులవి. వచ్చేవాళ్ల ప్రశ్నలు పడలేక చర్చివాళ్లు ఈ సంగతులు రాసి బోర్డు పెట్టాల్సొచ్చింది, పాపం.

మనవాళ్లు జారిపోయేదిక్కడే. గీత ఉందా? ఉంది. స్తంభం ఉందా? ఉంది. అయితే మిగతాదీ నిజమే! అనేస్తారు. వస్తువు ఉంటుందండీ, మంచి థ్రిల్లర్ రచయిత ఉన్న వస్తువునే ఎంచుకుంటాడు. ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎందుకు పెట్టారు: ఈ మూడూ అడగాలి. ఎప్పుడన్నది ముందు అడగండి, బేగి తేలిపోతుంది. 1099 నాటిదని నవల చెప్పే ఆ రహస్య సంఘం ఉందా? ఉంది, 1956లో ప్లాంటార్ అనే ఆయన ఫ్రాన్స్‌లో రిజిస్టరు చేయించాడు. పారిస్ జాతీయ గ్రంథాలయంలో దాని కాగితాలున్నాయా? ఉన్నాయి, 1960ల్లో ఆయన మనుషులే తెచ్చిపెట్టారు.

ఈసారి మీరే చూడండి. లియొనార్డో ‘చివరి భోజనం’ బొమ్మలో యేసు పక్కన గడ్డం లేని మనిషి ఉన్నాడు. స్త్రీ అంటుంది నవల, యేసు శిష్యుడు యోహాను అంటారు కళా చరిత్రకారులు. అదే కాలపు ఇటలీ చిత్రకారులు వేసిన చివరి భోజనం బొమ్మలు ఇంకో నాలుగు పక్కన పెట్టుకుని, యోహాను ఎక్కడున్నాడో, అతనికి గడ్డం ఉందో లేదో వెతకండి.