తూటా కేసు ఇరుక్కుంటే హాండిల్ మీద బలం వద్దు

అధ్యక్షుల వారికి, సభకు నమస్కారం. పేరుపేరునా అందరినీ పలకరిస్తే నా సమయం అక్కడే అయిపోతుంది, మన్నించండి. వాడిన తూటా కేసులను మళ్ళీ నింపే యంత్రం, హాండిల్ ఒక్కసారి లాగితే అన్ని స్టేషన్లలోనూ ఒకేసారి పని జరిగే ప్రోగ్రెసివ్ ప్రెస్సు. అందులోకి ఖాళీ కేసులు వాటంతట అవి అందడం, అంటే కేస్ ఫీడింగ్, గురించి మాట్లాడమన్నారు. పైన కేసులు పోసే తొట్టె దగ్గర మొదలుపెట్టి వరసగా కిందికి వద్దామనుకున్నాను.

ఫీడు ఆగగానే అందరూ మోటారు మీద పడతారు. అయ్యా, ముందు తొట్టె నుంచి కేసులు కిందికి దిగే ట్యూబు చూడండి. ట్యూబు నిండితే మోటారు ఆగుతుంది. అది మైక్రోస్విచ్ చేయాల్సిన పనే, లోపం కాదు. ట్యూబు ఖాళీగా ఉంటే తప్పు పైన, తొట్టెలో. ట్యూబులో కేసులుండి మొదటి స్టేషన్‌లోకి రాకపోతే తప్పు కింద. సగం తలనొప్పి ఇక్కడే తీరుతుంది.

తొట్టెలో తప్పులు కొన్నే. తొట్టెలో తిరుగుతూ కేసులను ట్యూబులోకి వదిలే ప్లేటు ఒకటుంటుంది, పిస్టల్ కేసులకు రైఫిల్ ప్లేటు వేయడం, ఒకేసారి మరీ ఎక్కువ పోయడం. బరువెక్కితే క్లచ్ జారుతుంది, ప్లేటు నిలిచిపోతుంది. ఇక కాస్త లావైన .40 క్యాలిబర్ కేసులో 9 ఎం.ఎం. కేసు దూరి ఉంటే ట్యూబు దాటినా కింద అడ్డం పడుతుంది. ఏరకుండా పోసి యంత్రాన్ని తిట్టడం ఏం న్యాయం? 9 ఎం.ఎం. కేసు పొడవు 19.15 మి.మీ., .380 కేసుది 17.3 మి.మీ. 9 ఎం.ఎం. కేసుల్లో కలిస్తే ఈ పొట్టిది ఇరుక్కోకుండానే లోపలికి పోతుంది, అందుకే దాన్ని చేత్తోనే ఏరాలి.

వరసగా చెబుదామనుకున్నాను గానీ, ఒక్క మాట ముందే చెప్పకపోతే ఆగలేను. కేసు ఇరుక్కున్నప్పుడు హాండిల్‌ను గట్టిగా లాగకండి. సగంలో వెనక్కి తిప్పి మళ్ళీ తొయ్యకండి. కేసులను పట్టుకుని ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పే షెల్ ప్లేటు ముందుకు జరగక ముందే హాండిల్ మళ్ళీ నడిస్తే, అదే కేసులో రెండోసారి పౌడరు, అంటే తూటా మందు, పడే అవకాశం ఉంది. అందుకే ఇరుక్కున్నప్పుడల్లా పౌడరు స్టేషన్‌లో ఉన్న కేసు తీసి, పౌడరు వెనక్కి పోసి, మళ్ళీ మొదలుపెట్టండి. ఇది చాదస్తం అనుకునేవాళ్ళు ఈ సభలోనూ ఉన్నారు. అనుకోండి, ఫర్వాలేదు. తీసి పోయడం మాత్రం మానకండి.

ఇక కింది భాగం. ప్రైమర్లు (కేసు అడుగున మందును అంటించే చిన్న బిళ్ళలు), పౌడరు తీసేసి, కేసులన్నీ దించి, ఫీడర్ కరెంటు ఆపండి. ఒక ఖాళీ కేసును వేలితో షెల్ ప్లేటు గాడిలోకి తొయ్యండి. తేలిగ్గా వెళ్ళకపోతే గాడిలో చెత్త ఉంది, లేదా ప్లేటు ఆ క్యాలిబర్‌ది కాదు. వెళ్తే, హాండిల్ మెల్లగా నడుపుతూ, కేసును షెల్ ప్లేటులోకి తోసే స్లైడును చూడండి. కేసు సగం బయటే ఆగిపోతే స్లైడు పూర్తిగా రావడం లేదు, దాన్ని నడిపే క్యామ్ సరిచేయండి. కేసు పక్కకు వాలితే దాన్ని నిటారుగా నిలిపే అడాప్టర్ ఆ సైజుది కాదు. అంచు గాడి గోడకు కొట్టుకుంటే ప్లేటు సరైన చోట ఆగలేదు.

అప్పుడు షెల్ ప్లేటు మధ్య బోల్టు చూడండి. ప్లేటు పట్టేసేదాకా బిగించి, సుమారు ఎనిమిదో వంతు తిప్పు వదిలి, లాక్ స్క్రూ బిగించండి. మరీ వదులైతే ప్లేటు ఊగుతుంది, మరీ బిగువైతే పూర్తిగా తిరగదు. నూనె పోస్తే సరిపోతుందంటారు కొందరు! స్లైడు మీద నూనెకు పౌడరు రేణువులు అంటుకుని రెండు రోజుల్లో మళ్ళీ అదే గోల. తుడిచి పొడిగా ఉంచండి.

సరిచేశాక తొట్టె మోటారు ఆపే ఉంచి, ట్యూబులో పది కేసులు చేత్తో వేసి నడపండి. పదీ సాఫీగా వెళ్తేనే మోటారు వేయండి.