ఫలక్‌నుమాలో ఒక రాత్రి: చరిత్ర ఇష్టపడేవాళ్ల కోసం

హోస్ట్: అందరికీ నమస్కారం. పాత కోటలు, ప్యాలెస్‌లు హోటళ్లయ్యాయి కదా, వాటిల్లో బస గురించి ఈరోజు మాట్లాడుకుందాం. హైదరాబాద్ పాతబస్తీలో హెరిటేజ్ వాక్‌లు నడిపే మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, సూటిగా అడిగేస్తాను. పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్ మ్యూజియం ఉంది, టికెట్ కొనుక్కుని చూసి రావచ్చు. అంత డబ్బు పెట్టి, హోటల్‌గా మారిన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఎందుకు ఉండాలి?

అతిథి: చౌమహల్లా తప్పకుండా చూడండి. కానీ మ్యూజియం అంటే సాయంత్రం అయ్యేసరికి బయటికి వచ్చేయాలి. ఫలక్‌నుమాలో బస చేస్తే దీపాలు పెట్టాక కూడా ఆ మెట్లు ఎక్కి దిగొచ్చు, తెల్లారి లేచి ఆ వరండాలో నిలబడి ఊరంతా చూడొచ్చు. మనుషులు కాపురం ఉండటానికి కట్టిన ఇల్లు అది. అందులో పడుకుని లేస్తేనే దాని లెక్క అర్థమవుతుంది.

హోస్ట్: ఇల్లు అన్నారు. ఎవరిదండీ అసలు? నిజాం కట్టించారనే అనుకుంటాం అందరం.

అతిథి: కట్టించింది వికార్ ఉల్ ఉమ్రా. నిజాం కొలువులో ‘పైగా’ అనే పెద్ద ప్రభువంశం ఉండేది, ఆయన ఆ వంశంవాడు. తర్వాత హైదరాబాద్ రాజ్యానికి ప్రధానిగా కూడా చేశారు. 1884లో శంకుస్థాపన జరిగింది. పూర్తవడానికి తొమ్మిదేళ్లు పైనే పట్టింది. ఇటలీ పాలరాయి, రంగుటద్దాల కిటికీలు, వెనిస్ షాండ్లియర్లు... ఖర్చు ఆయన చేయి దాటిపోయింది, అప్పులయ్యాయి. చివరికి 1890ల ఆఖర్లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. ఆయన 1911లో కన్నుమూసింది కూడా ఈ ప్యాలెస్‌లోనే. నేను వాక్‌లో ఈ ముక్క తప్పకుండా చెప్తాను. ఎందుకంటే అంత వైభవం వెనక అప్పు బాధ పడిన మనిషి ఒకడున్నాడని తెలిస్తే ఆ పాలరాతి మెట్లు ఇంకోలా కనిపిస్తాయి.

హోస్ట్: లోపల ఒక్కచోటే చూడగలిగితే ఏది చూడమంటారు?

అతిథి: భోజనాల బల్ల. 101 మంది ఒకేసారి కూర్చుని తినొచ్చు. పొడవు 108 అడుగులు. ఒక చివర నిలబడి చూస్తే అవతలి కుర్చీలో ఉన్న మనిషి ముఖం సరిగా ఆనదు. ఈ కొసన మెల్లగా మాట్లాడితే ఆ కొసకి వినిపిస్తుందని గైడ్‌లు చెప్తారు. అక్కడ కాసేపు కూర్చుని, ఇంతమందికీ వేడిగా వడ్డించాలంటే వంటవాళ్లు, వడ్డించేవాళ్లు ఎంతమంది పరుగులు పెట్టి ఉంటారో ఆలోచించండి. వాళ్ల పేర్లు ఏ గోడ మీదా ఉండవు. నాకైతే అక్కడికి వెళ్లినప్పుడల్లా ముందు వాళ్లే గుర్తొస్తారు. తర్వాత లైబ్రరీకి వెళ్లండి. ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోట లైబ్రరీ నమూనాలో చేయించారు. చెక్కడం పనితో ఉన్న ఆ చెక్క పైకప్పుని తల పైకెత్తి చూడాల్సిందే.

హోస్ట్: మరి మధ్యలో చాలాకాలం మూసే ఉంది కదా?

అతిథి: అవును. పెద్ద అతిథుల్లో చివరిగా దిగింది 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ అంటారు. ఆ తర్వాత తాళాలే. 2000 ప్రాంతంలో తాజ్ హోటళ్ల వాళ్లు లీజుకు తీసుకుని, నిజాం కుటుంబానికి చెందిన ప్రిన్సెస్ ఎస్రా దగ్గరుండి చూసుకుంటూ, పదేళ్ల దాకా మరమ్మతులు చేయించారు. 2010లో హోటల్‌గా తెరిచారు. పదేళ్లండీ! పాత ఫర్నిచర్, గోడల మీద బొమ్మలు, అద్దాలు అన్నీ ఓపికగా బాగుచేశారు. ఎస్రా గారు లేకపోతే ఇవాళ మనం దీని గురించి ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదని నా గట్టి నమ్మకం.

హోస్ట్: అంటే హోటల్ అయితే భవనం బతికినట్టేనా?

అతిథి: అలా అనుకోవద్దు. హైదరాబాద్‌లోనే నౌబత్ పహాడ్ దగ్గర హిల్ ఫోర్ట్ ప్యాలెస్ ఉంది. నిజాం కాలంనాటి జడ్జి నిజామత్ జంగ్ కట్టించుకున్నారు. ఆ తర్వాత ఏడో నిజాం కొడుకు మొఅజ్జం జా అందులో ఉన్నారు. అదే మనవాళ్లు రిట్జ్ హోటల్ అని పిలిచేది. హోటల్ మూతపడ్డాక గోడలు పెచ్చులూడి, ఏళ్ల తరబడి పాడుబడిపోయింది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. గదులు అద్దెకివ్వడం ఒక్కటే సరిపోదు. వచ్చిన డబ్బులో కొంత సున్నానికి, చెక్కకి, పైకప్పుకి తిరిగి పోవాలి. మీరు ఎక్కడ బుక్ చేసినా ఫోన్ చేసి అడగండి: పాత భవనంలో గది ఇస్తారా, పక్కన కొత్తగా కట్టిన బ్లాక్‌లోనా? చరిత్ర చెప్పేవాళ్లు ఉన్నారా? తడబడ్డారంటే వాళ్లకి ఆ భవనం మీద ప్రేమ లేదని లెక్క.

హోస్ట్: హైదరాబాద్ దాటితే?

అతిథి: జోధ్‌పూర్ ఉమైద్ భవన్. అక్కడ ఒక భాగం హోటల్, ఒక భాగం మ్యూజియం, ఇంకో భాగంలో రాజకుటుంబం ఇప్పటికీ ఉంటోంది. 1929లో మొదలై 1943లో పూర్తయింది. కరువుతో అల్లాడుతున్న ప్రజలకి పని కల్పించడానికి మహారాజా ఉమైద్ సింగ్ ఈ కట్టడం మొదలుపెట్టించారు. గదులు 347. నాకు మాత్రం ఆ కరువు పని కథే పెద్ద ఆకర్షణ.

హోస్ట్: నిజం చెప్పాలంటే మన శ్రోతల్లో చాలామందికి అక్కడి అద్దె వినగానే టెన్షన్ వచ్చేస్తుంది.

అతిథి: అందరూ రాత్రి ఉండక్కర్లేదు. ఫలక్‌నుమాలో ముందుగా బుక్ చేసుకుంటే భోజనానికో, సాయంత్రం టీకో వెళ్లొచ్చు. లోపలికి ఎంత వరకు పోనిస్తారో, డ్రెస్ ఎలా ఉండాలో ముందే కనుక్కోండి. బస చేసేవాళ్లయితే మధ్యాహ్నమే చేరిపోండి. చాలామంది రాత్రి తొమ్మిదికి సూట్‌కేసులతో దిగి, తినేసి పడుకుంటారు. పొద్దున్నే ఫ్లైట్ ఉందని పరుగెడతారు. ప్యాలెస్ లోపల తిప్పి చూపించే టూర్ సాయంత్రం ఉంటుంది. దాన్ని వదులుకుంటే మీరు కొన్నది మంచం మాత్రమే.

హోస్ట్: వచ్చే ఎపిసోడ్‌లో చెట్టినాడు ఇళ్లు. మేడమ్, చాలా థాంక్స్ అండీ.

అతిథి: మీకూ. చెట్టినాడు అంటున్నారు కాబట్టి, అక్కడ నేలకి వేసే, చేత్తో చేసే ఆత్తంగుడి సిమెంట్ టైల్స్ ఎలా పోస్తారో ఆ ఎపిసోడ్‌లో ఎవరినైనా అడిగించండి.