నల్లగొండ నుంచి గద్వాల దాకా: మన జిల్లా జిమ్ముల్లో సరైన రాడ్ ఎక్కడ? | రివ్యూ

అందరికీ నమస్తే. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల. పని మీద ఈ ఊళ్లన్నీ తిరుగుతూ, రాత్రి లాడ్జిలో పడుకుని, తెల్లారితే స్క్వాట్స్ ఎక్కడ కొట్టాలా అని వెతుక్కునే వాళ్ల కోసం ఈ రివ్యూ. నాది మోటార్ పంపుల సేల్స్ ఉద్యోగం, నెలలో చాలా రోజులు రోడ్డు మీదే ఉంటాను. ఏ జిమ్ పేరూ చెప్పను, ముందే చెప్తున్నా. ఇది ఒక్క జిమ్‌తో వచ్చిన సమస్య కాదు, ఒకరి పేరు చెప్పి మిగతావాళ్లను వదిలేయడం న్యాయం కాదు.

నేను చేసేది స్క్వాట్ (రాడ్ వీపు మీద పెట్టుకుని కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (బెంచ్ మీద పడుకుని రాడ్ పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్‌ని నడుము దాకా ఎత్తి నిలబడటం), వీలైన చోట క్లీన్ (నేల నుంచి ఒక్క ఊపులో భుజాల మీదకు తెచ్చుకోవడం). వీటికి కావాల్సినవి నాలుగే నాలుగు. వంకర లేని రాడ్, అంటే ప్లేట్లు ఎక్కించి ఎత్తే పొడవాటి ఇనుప కడ్డీ, తూకం సరిగ్గా ఉన్న ప్లేట్లు, ఒక స్క్వాట్ రాక్, అంటే రాడ్‌ని భుజాల ఎత్తులో నిలిపే స్టాండ్, బరువు దించడానికి భయపడక్కర్లేని నేల. మన టౌన్లలో జిమ్ములకు కొదవ లేదు. ట్రెడ్‌మిల్స్ వరసగా ఉంటాయి, కేబుల్ మెషిన్లు ఉంటాయి, గోడ నిండా అద్దాలు, రంగురంగుల లైట్లు, చెవులు పగిలే పాటలు, అన్నీ ఉంటాయి. ఈ నాలుగూ ఒకే చోట దొరకడమే కష్టం. డబ్బు పెట్టలేక కాదు, పెట్టిన డబ్బంతా వేరే వాటికి పోయింది.

రాడ్ దగ్గర మొదలుపెడతా, ఎందుకంటే నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో మగవాళ్లు వాడే రాడ్ 20 కేజీలు, పొడవు 2.2 మీటర్లు, చేత్తో పట్టుకునే చోట మందం 28 మిల్లీమీటర్లు. ఆడవాళ్ల రాడ్ 15 కేజీలు, 2.01 మీటర్లు, మందం 25 మిల్లీమీటర్లు. రెండింటికీ ప్లేట్లు ఎక్కించే చివర్లు 50 మిల్లీమీటర్ల లావు ఉంటాయి, ఆ చివర్లు గుండ్రంగా తిరుగుతాయి. మన దగ్గర చాలా జిమ్ముల్లో ఉండేది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే మందం ఉన్న సన్న రాడ్. దాని బరువు ఎంతో ఎవరికీ తెలియదు. ట్రైనర్‌ని అడిగితే "ఇరవై ఉంటదన్నా" అంటాడు. పక్కనున్న కుర్రాడిని అడిగితే పది అంటాడు. ఎవరూ తూచలేదు. కాంటా సరిగ్గా లేని కొట్లో బియ్యం కొంటామా మనం?

దీని వల్ల ఏమవుతుందో చూడండి. రెండు వైపులా రెండేసి ఇరవై కేజీల ప్లేట్లు ఎక్కించాను, ప్లేట్లే 80. రాడ్ 20 అయితే మొత్తం వంద. రాడ్ 11 అయితే 91. నేను వారం వారం రెండున్నర కేజీలు పెంచుకుంటూ పోయే మనిషిని, తొమ్మిది కేజీల తేడా అంటే నెల రోజుల లెక్క తప్పినట్టు. ఒక ఊర్లో ఈజీగా లేస్తుంది, బలం పెరిగింది అనుకుంటాం, ఇంకో ఊర్లో అదే లెక్క వేసుకుని ఎత్తబోతే నడుము పట్టేస్తుంది. అందుకే నా బ్యాగులో లగేజ్ తూచే చిన్న డిజిటల్ కాంటా ఉంటుంది, యాభై కేజీల దాకా చూపించేది. రాడ్‌కి సరిగ్గా మధ్యలో తాడు కట్టి, కాంటాకి తగిలించి ఎత్తితే నిమిషంలో తేలిపోతుంది. మొదట అందరూ వింతగా చూస్తారు, ఆ తర్వాత వాళ్లే వచ్చి "అన్నా, గా రాడ్ గూడ తూచవా" అని అడుగుతారు. అది నాకు చాలా సంతోషంగా ఉంటుంది, నిజంగా.

తూకం అయ్యాక వంకర చూడాలి. రాడ్‌ని ఖాళీగా రాక్ మీద పెట్టి వేళ్లతో దొర్లించండి. చివరలు పైకీ కిందకీ ఊగుతున్నాయంటే వంగిపోయినట్టే. ఎందుకు వంగుతుంది అంటే, రాత్రి జిమ్ మూసేటప్పుడు ప్లేట్లు తీయకుండా బెంచ్ స్టాండ్ మీదే వదిలేస్తారు, లేదా బరువుతో ఉన్న రాడ్‌ని బెంచ్ మీద పడేస్తారు. నాసిరకం ఇనుము ఎన్నాళ్లని ఆగుతుంది? వంగిన రాడ్ స్క్వాట్‌లో వీపు మీద తనంతట తాను దొర్లుతుంది, ఒక భుజం మీదే భారం పడుతుంది. ఇక చివర్లు తిరగని రాడ్‌తో క్లీన్ అసలు చేయకండి. ప్లేట్ల ఊపు మొత్తం మణికట్టు మీదకు వస్తుంది.

ప్లేట్ల సంగతి. డెడ్‌లిఫ్ట్‌కి పెద్ద ప్లేటు వ్యాసం 450 మిల్లీమీటర్లు ఉండాలి, అప్పుడు రాడ్ నేల నుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మన జిమ్ముల్లో ప్లేట్లు దానికంటే చిన్నవి. రాడ్ ఇంకా కిందకు పోతుంది, మనం ఇంకా వంగాలి, వంగితే నడుము గుండ్రంగా అవుతుంది. "మీ డెడ్‌లిఫ్ట్ ఫామ్ బాలేదు" అని చెప్పేవాళ్లు ఒకసారి ప్లేటు సైజు కూడా చూడాలి. దీనికి మందు ఉంది. రెండు వైపులా నేల మీద ప్లేట్లు పడుకోబెట్టి, రాడ్‌కి ఎక్కించిన ప్లేట్లు వాటి మీద ఆనేలా పెట్టి ఎత్తు సరిచేసుకోవాలి. మిర్యాలగూడలో ఒక జిమ్ ఓనర్ అయితే రైస్ మిల్లులో వాడేసిన మందపాటి కన్వేయర్ బెల్టు తెచ్చి, ముక్కలు కోసి, డెడ్‌లిఫ్ట్ చేసే చోట పొరలు పొరలుగా పరిచాడు. ఎత్తూ సరిపోయింది, చప్పుడూ తగ్గింది. మిల్లుల ఊరు కదా, ఆ బెల్టు దొరకడం పెద్ద పని కాదు. ఈ మొత్తం తిరుగుడులో నాకు బాగా నచ్చిన జిమ్ అదే, ఏసీ లేదు, అద్దం ఒక్కటే ఉంది.

నేల గురించి మాట్లాడితే మన టౌన్లలో సగం జిమ్ములు మొదటి అంతస్తులోనో రెండో అంతస్తులోనో ఉంటాయి, కింద బట్టల షాపో మెడికల్ షాపో. పైన నున్నటి టైల్స్. డెడ్‌లిఫ్ట్ అనగానే "వద్దన్నా, కిందాయన వచ్చి లొల్లి చేస్తడు" అంటారు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది, కిరాయికి ఉన్నవాళ్లు గొడవ పెట్టుకోలేరు. కానీ ఆ మాట ఫీజు తీసుకోకముందే చెప్పాలి. నల్లగొండలో ఒక చోట డబ్బులు కట్టి, వార్మప్ అయ్యి, ప్లేట్లు ఎక్కించాక వచ్చి ఆపారు. అప్పుడు ఏం చేయాలి? అందుకే కొత్త ఊర్లో నేను గ్రౌండ్ ఫ్లోర్ జిమ్ములే వెతుకుతా. ఊరి చివర రేకుల షెడ్డులో ఉన్నవైతే ఇంకా మేలు, అక్కడ బరువు దించితే ఎవరూ ఏమనరు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం రేకుల కింద ఎనిమిది దాటితే నిలబడలేం, మన ఎండలు మీకు తెలియనివి కావు. ఐదింటికే వెళ్లి ఏడు లోపల బయటపడాలి.

రాక్ లేని చోట స్మిత్ మెషిన్ చూపించి "ఇదే రాక్ అన్నా" అంటారు. కాదు. స్మిత్ మెషిన్‌లో రాడ్ పట్టాల మీద నడుస్తుంది, మీ బ్యాలెన్స్‌కి పని ఉండదు. ఏమీ లేనప్పుడు వాడుకోవచ్చు, కానీ అక్కడి లెక్కను మీ అసలు స్క్వాట్ లెక్కలో కలపకండి. బెంచ్ స్టాండ్ నుంచి రాడ్ ఎత్తుకుని వెనక్కి నడిచి స్క్వాట్ చేసేవాళ్లను కూడా చాలా చోట్ల చూశాను. రాడ్ జారితే ఆపే సేఫ్టీ రాడ్లు లేవు, లేవలేకపోతే పట్టుకునేవాడు లేడు. దయచేసి చేయకండి. రాక్ లేని రోజు ఒంటికాలి స్క్వాట్లు, లంజెస్ (ఒక కాలు ముందుకేసి వంగి లేవడం) చేసుకుని వచ్చేయండి.

ఊళ్ల వారీగా నా మాట చెప్తా, ఇది నేను చూసినంత వరకే. నల్లగొండలో క్లాక్ టవర్ చుట్టుపక్కల, హైదరాబాద్ రోడ్డు వైపు జిమ్ములు ఎక్కువ, లావు చివర్లున్న రాడ్ దొరికే అవకాశం ఈ రూట్లో ఇక్కడే ఎక్కువ. మహబూబ్‌నగర్‌లో న్యూటౌన్, మెట్టుగడ్డ వైపు మంచి రాక్ ఉన్నది ఒకటి దొరికింది, కానీ పొద్దున పది తర్వాత మూసేసి మళ్లీ సాయంత్రమే తీస్తారు. పనిమీద తిరిగేవాళ్లకు దొరికేదే మధ్యాహ్నం టైమ్. జడ్చర్లలో హైవే పక్కన జిమ్ చూడటానికి బాగుంది, ప్లేట్లు సరిపోలేదు, అంతే. గద్వాలలో ఉన్న రోజు నేను ఆగకుండా అలంపూర్ చౌరస్తా మీదుగా తుంగభద్ర దాటి కర్నూలు పోతా. పెద్ద ఊరు, ఏదో ఒకటి దొరుకుతుంది.

వనపర్తి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడిచే ఊరు అది, ఎటు చూసినా చదువుకునే పిల్లలే. పొద్దున జిమ్‌లో సగం మంది పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అంటే దేహదారుఢ్య పరీక్షలకు ప్రిపేర్ అయ్యేవాళ్లు. మగపిల్లలు షాట్‌పుట్‌లో 7.26 కేజీల గుండు విసరాలి, లాంగ్ జంప్ దూకాలి. ఇవన్నీ కాళ్ల బలం, నడుము బలం అడిగేవి. ఆ పిల్లలు వచ్చి అద్దం ముందు డంబెల్స్‌తో చేతులు పెంచుకుని పోతున్నారు, ఎందుకంటే స్క్వాట్ చేయడానికి అక్కడ రాక్ లేదు, నేర్పేవాడు లేడు. ఉద్యోగం మీద ఆశతో అప్పు చేసి ఫీజు కట్టిన పిల్లలు వాళ్లు. నాకు అది చూసి చాలా బాధేసింది.

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన తెలుగు అమ్మాయి కరణం మల్లేశ్వరి 69 కేజీల విభాగంలో మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ తర్వాత ఇన్నేళ్లకు కూడా నేను తిరిగిన ఈ జిమ్ముల్లో 15 కేజీల ఆడవాళ్ల రాడ్ ఒక్కటంటే ఒక్కటి కనిపించలేదు. లేడీస్ టైమింగ్ అని పొద్దున పదిన్నరకు పెడతారు, కాలేజీకి, ఉద్యోగానికి పోయే అమ్మాయి ఆ టైమ్‌కి ఎట్లా వస్తుంది?

ఇప్పుడు కొత్త ఊరికి వెళ్లేముందు చేయాల్సిన పని. నెట్‌లో పెట్టిన ఫోటోలు నమ్మకండి, చాలావరకు ఓపెనింగ్ రోజువి. ఐదు స్టార్లు కూడా నమ్మకండి, "బెస్ట్ జిమ్, బెస్ట్ ట్రైనర్" అని రాస్తారు, రాడ్ గురించి ఒక్కరూ రాయరు. ఫోన్ చేయండి. అన్నా, ఒక్కరోజుకి ఎంత తీసుకుంటారు, రాడ్ చివర్లు లావువా సన్నవా, స్క్వాట్ రాక్ ఉందా, డెడ్‌లిఫ్ట్ చేయనిస్తారా, ఇవి అడిగి, రాడ్ ఫోటో ఒకటి వాట్సాప్‌లో పంపమనండి. పంపినవాళ్ల దగ్గరికే వెళ్లండి. ఒక్కరోజుకి కుదరదు, అడ్మిషన్ కట్టి నెల తీసుకో అనేవాళ్లతో వాదించి లాభం లేదు.

బండిలో నేను పెట్టుకునేవి నడుముకి బెల్టు, చేతులు జారకుండా రాసుకునే లిక్విడ్ చాక్, ప్లేట్లు జారకుండా పెట్టే సొంత స్ప్రింగ్ లాకులు, 1.25 కేజీల ప్లేట్లు రెండు. పొడి చాక్ వద్దు, తుడవలేక వాళ్లు తిట్టుకుంటారు. చిన్న ప్లేట్లు ఎందుకంటే చాలా చోట్ల రెండున్నర కంటే తక్కువ ఉండవు, అంటే ఎప్పుడూ ఐదు కేజీలు దూకాల్సిందే. తిండికి టెన్షన్ లేదు, పాలమూరు వైపు జొన్నరొట్టె, కోడిగుడ్లు, పల్లీలు ఎక్కడైనా దొరుకుతాయి, వంద గ్రాముల పల్లీల్లో దాదాపు 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ట్రైనర్ అంటగట్టే ప్రోటీన్ పొడి డబ్బా కొనక్కర్లేదు.

ఎక్కడా దొరక్కపోతే కంగారు పడకండి. వారం రోజులు బరువు ఎత్తకపోతే బలం ఎక్కడికీ పోదు, వారానికి ఒక్కసారి బరువు తగ్గించకుండా గట్టిగా చేసినా చాలా రోజులు నిలబడుతుంది. పాత ఊర్లో తాలింఖానా, అంటే పాతకాలం కసరత్తు శాల, ఉందేమో అడగండి. చెప్పులు విడిచి, అక్కడ నేర్పే ఉస్తాద్‌కి నమస్కారం పెట్టి అడిగితే కాదనరు. అక్కడ దండాలు (పుషప్స్ లాంటివి), బస్కీలు (గుంజీల్లాంటివి) తీసి చూడండి, మర్నాడు తొడలే చెప్తాయి.

జిమ్ ఓనర్ అన్నలు ఎవరైనా చూస్తుంటే, కొత్త ట్రెడ్‌మిల్ కొనేముందు ఒక్క నిమిషం ఆలోచించండి. ఒక మంచి కమర్షియల్ ట్రెడ్‌మిల్ డబ్బుతో రాడ్, ప్లేట్లు, రాక్ మూడూ వస్తాయి. కరెంటు అక్కర్లేదు, రిపేర్ తక్కువ, రాత్రిపూట ప్లేట్లు తీసి పెడితే ఏళ్లు నడుస్తుంది. రాడ్ తూచి దాని మీద పెయింట్‌తో బరువు రాయండి, దానికైతే ఖర్చే లేదు.

వచ్చే నెల నాగర్‌కర్నూల్, కొల్లాపూర్, అచ్చంపేట వైపు వెళ్తున్నా. అక్కడివాళ్లు మీ జిమ్‌లో రాడ్ చివర్లు, నేల కనపడేలా ఫోటో తీసి పంపండి. లావు చివర్లున్న రాడ్, గ్రౌండ్ ఫ్లోర్, ఈ రెండూ ఉంటే చాలు, మొదట అక్కడికే వస్తా, కాంటా పట్టుకుని.